ఏటిపాల నుంచి విల్లో దాకా: ఒడ్డు చెట్టు పేర్ల కథ

ఇంగ్లీషువారు విల్లో అని పిలిచే చెట్టు తెలుగు పాఠకుడికి నాలుగైదు పేర్లతో ఎదురవుతుంది. క్రికెట్ బ్యాటు ప్రస్తావన వచ్చినప్పుడు అది విల్లో కర్ర. తెలుగు బైబిలులో నిరవంజి. సంస్కృత కావ్యాలు పాఠం చెప్పే పండితుల నోట వేతసం, వంజులం. యునానీ మందుల దుకాణంలో బేద్. ఈ పేర్లన్నీ ఒకే చెట్టువని అనుకుంటే పొరపాటు, వీటికి ఒకదానితో ఒకటి సంబంధమే లేదనుకున్నా పొరపాటే. ఏటి ఒడ్డున పెరిగి, వరదకు వంగి, విరగకుండా మళ్లీ లేచే మొక్క అనే ఊహ వీటన్నిటి వెనుకా ఉంది. ఏ ప్రాంతంవారు ఏ మొక్కలో ఆ గుణాన్ని చూశారో ఆ మొక్కకు ఆ పేరు దక్కింది. విచారించదగిన సంగతి మరొకటి ఉంది. తెలుగు నేల మీద సహజంగా పెరిగే విల్లో జాతి ఒకటి ఉంది, దానికి ఏటిపాల అనే అచ్చమైన తెలుగు పేరూ ఉంది, కాని పరాయి పేర్లన్నీ పుస్తకాలకెక్కగా ఆ ఒక్క పేరే మరుగున పడిపోయింది.

వృక్షశాస్త్రంలో విల్లోలన్నీ సాలిక్స్ అనే ప్రజాతికి చెందుతాయి. దగ్గరి పోలికలున్న జాతులన్నిటినీ చేర్చి ఒక్క పేరు కింద ఉంచే వర్గాన్ని ప్రజాతి అంటారు. ఈ ప్రజాతిలో సుమారు 400 జాతులుండగా వాటిలో అత్యధిక భాగం యూరప్, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికా వంటి చలి ప్రాంతాలకు చెందినవి కావడం వల్ల, విల్లో అంటే మంచు దేశాల చెట్టనే భావం స్థిరపడింది. ఆడపూలు ఒక చెట్టుకు, మగపూలు వేరొక చెట్టుకు పూయడం, రేకులు లేని చిన్న పూలు సన్నని కంకులుగా రావడం, గింజలు దూదిలాంటి నూగుతో గాలికి ఎగిరిపోవడం ఈ ప్రజాతి లక్షణాలు. గింజలో మొలకెత్తే శక్తి కొద్ది రోజులకు మించి నిలవదు గాని, కొమ్మను నరికి తడి మట్టిలో గుచ్చితే చాలు అది వేరు పోసుకుంటుంది, వరదకు విరిగి కొట్టుకుపోయిన కొమ్మ దిగువన మరో ఒడ్డుకు చేరి చెట్టయిన సందర్భాలూ ఉంటాయి. ఏళ్ల ఒడ్డులను ఈ చెట్లు అంత దట్టంగా పట్టుకొని ఉండడానికి కారణమిదే.

వేడి ప్రాంతాలకు అలవాటు పడిన కొద్ది జాతులలో ఒకటి సాలిక్స్ టెట్రాస్పెర్మా, అంటే నాలుగు గింజల విల్లో. దీనికి ఆ పేరు పెట్టి శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు స్కాట్లండుకు చెందిన విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా 1776లో మద్రాసుకు వచ్చిన ఆయన, తరువాత గోదావరి మండలంలోని సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, అక్కడ తోట పెంచి, చుట్టుపక్కల అడవుల మొక్కలను దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, స్థానికులు వాటిని ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నాడు. ఆ కృషి ఫలితంగా 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో, కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన మహాగ్రంథం వెలువడింది. దాని మొదటి సంపుటంలోనే ఈ చెట్టు చోటు చేసుకుంది. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లిపోయినా, భారతదేశపు మొక్కలెన్నిటికో శాస్త్రీయ నామకరణానికి పునాది తెలుగు పల్లెల్లో పడిందన్నది మరవరాని విషయం.

ఏటిపాల అన్న పేరులో ఏరు ఎందుకుందో చెప్పనక్కరలేదు. పాల ఎందుకుందన్నదే ఆలోచించవలసిన ప్రశ్న, ఎందుకంటే పాల అని పేరున్న తెలుగు చెట్లు సాధారణంగా గిల్లితే పాలు కారేవి కాగా, విల్లో జాతులలో పాలు ఉండవు. ఇదే చెట్టుకు కొండగన్నేరు అనే మరో పేరు కూడా ఉండడాన్ని బట్టి చూస్తే, సన్నగా పొడుగ్గా కోసుగా ఉండే ఆకు పోలికే పేరుకు ఆధారమని అనుకోవడం సమంజసం. గన్నేరు ఆకును, పాలచెట్ల ఆకును ఎరిగిన కళ్లు ఏటి ఒడ్డున ఈ కొత్త చెట్టును చూసి తెలిసిన పేరుకు ఏటిని చేర్చి ఉంటాయి. తమిళంలోనూ దీని పేరు ఆట్రుపాలై, అంటే ఏటిపాలే. ఆకు అడుగు భాగాన తెల్లని బూడిద ఛాయ ఉండడం వల్ల గాలి వీచినప్పుడు చెట్టంతా వెండి మెరుగు పెట్టినట్లు కనిపిస్తుంది, బెరడు ముదిరినకొద్దీ గరుకై నిలువుగా చీలుతుంది.

సంస్కృతంలోని వేతసం దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. తెలుగు నిఘంటువులు వేతసానికి ప్రబ్బలి అని అర్థం చెబుతాయి. ప్రబ్బలి అంటే పేము, కుర్చీలూ బుట్టలూ అల్లడానికి వాడే తీగజాతి మొక్క. వృక్షశాస్త్రం ప్రకారం పేము తాటి, ఈత చెట్ల కుటుంబానికి చెందినది, విల్లోకు దానితో ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆయుర్వేద గ్రంథాలకు ఆధునికులు రాసిన వివరణలు కొన్ని వేతసాన్ని విల్లోగా, మరికొన్ని పేముగా గుర్తిస్తున్నాయి, జలవేతసమనే పేరును ప్రత్యేకంగా ఏటిపాలకే ఇచ్చినవారూ ఉన్నారు. వంజులం సంగతి మరీ చిత్రమైనది: అమరకోశం ఈ ఒక్క మాటను వేతసానికి, అశోక చెట్టుకు, రథచక్రాలకు కలప నిచ్చే తినిశ వృక్షానికి మూడు చోట్ల పర్యాయపదంగా చెప్పింది. కావ్యంలో వంజులం కనిపించగానే అనువాదకుడు సందర్భాన్ని చూసి, పక్కన ఏరుందా, ఎర్రని పూలున్నాయా అని వెతుక్కోవలసిందే.

వేదకాలంలో వేతసం నీటి మొక్క. ఋగ్వేదంలో బంగారు వేతసం ప్రస్తావన ఉంది. అగ్నిచయనం అనే యజ్ఞంలో ఇటుకలతో పేర్చిన వేదిక మీద అగ్ని వేడిమిని చల్లార్చడానికి కప్పనూ, నాచు మొక్కనూ, వేతస శాఖనూ కలిపి లాగే విధి యజుర్వేదంలో కనిపిస్తుంది. ఆ మొక్క వాయవ్య భారతపు ఏటి ఒడ్డుల విల్లో అయి ఉండవచ్చన్న వాదానికి భాషాశాస్త్రం నుంచి బలమైన ఊతం దొరుకుతుంది, ఎందుకంటే సంస్కృత వేతసానికి సోదర పదాలైన ప్రాచీన ఇరానీ వఏతి, పారశీక బీద్, గ్రీకు ఇతేయ మూడూ విల్లోనే సూచిస్తాయి, వీటన్నిటికీ మూలమైన ధాతువుకు మెలిపెట్టడం, అల్లడం అని అర్థం. సంస్కృతం మాట్లాడేవారు విల్లోలు తక్కువగా, పేము పొదలు ఎక్కువగా ఉన్న తూర్పు, దక్షిణ ప్రాంతాలకు విస్తరించినప్పుడు, అల్లడానికి పనికివచ్చే వంగుడు మొక్క అనే అర్థంతో పాత పేరు కొత్త మొక్కకు బదిలీ అయిందని భావించడానికి వీలుంది. వేతసానికి దగ్గరి మాటే వేత్రం. తెలుగులో బడిపంతులు చేతి బెత్తం దాని నుంచి వచ్చినదే, మధ్య భారతంలోని బేత్వా నది పాత పేరు వేత్రవతి కూడా ఆ కుటుంబానిదే.

మొక్క ఏదైనా, వేతసం భారతీయ రాజనీతికి ఒక పారిభాషిక పదాన్ని ఇచ్చింది. మహాభారతం శాంతిపర్వంలో, బలవంతుడైన శత్రువు ఎదుట బలహీనుడైన రాజు ఎలా మసలుకోవాలని ధర్మరాజు అడిగినప్పుడు భీష్ముడు నదులకూ సముద్రుడికీ నడిచిన సంభాషణను చెబుతాడు: మహావృక్షాలను వేళ్లతో పెకలించి తెచ్చే నదులు వేతసాన్ని ఎన్నడూ ఎందుకు తేవని సముద్రుడు అడగగా, ప్రవాహం రాగానే అది వంగుతుందనీ, వెళ్లిపోగానే లేచి నిలబడుతుందనీ గంగ జవాబిస్తుంది. ఈ నడవడికే వేతసవృత్తి అని, వైతసీవృత్తి అని పేరు. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో, దిగ్విజయానికి బయలుదేరిన రఘువు ఎదుట సుహ్మదేశపు రాజులు ఈ వృత్తినే ఆశ్రయించి ప్రాణాలు దక్కించుకుంటారు.

ఆ శ్లోకానికి వ్యాఖ్య రాస్తూ కౌటిల్యుడి అర్థశాస్త్రంలోని వాక్యాన్ని ఆధారంగా చూపినవాడు కోలాచల మల్లినాథసూరి. సంస్కృతం చదివే లోకమంతా నేటికీ ఎవరి వ్యాఖ్యను పట్టుకొని కాళిదాసును అర్థం చేసుకుంటున్నదో ఆ మల్లినాథుడు మెతుకుసీమలోని కొల్చారానికి చెందిన తెలుగు పండితుడు. ఆయన కుమారుడు కుమారస్వామి సోమపీథి, ఓరుగల్లు ఆస్థానకవి విద్యానాథుడు తన ప్రభువైన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి పేరిట రచించిన ప్రతాపరుద్రీయానికి రత్నాపణమనే వ్యాఖ్య రాశాడు. తండ్రి వ్యాఖ్యలో వేతసవృత్తి, కొడుకు వ్యాఖ్యలో ప్రతాపరుద్రుడి కీర్తి ఒకే ఇంట వివరణ పొందడం తెలంగాణ సాహిత్య చరిత్రలో ఆసక్తికరమైన ఘట్టం, ఎందుకంటే వేతసవృత్తికి తెలుగు చరిత్రలో అందరికన్నా స్పష్టమైన ఉదాహరణ ఆ ప్రతాపరుద్రుడే.

1310లో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించి, వెలుపలి మట్టికోటను దాటి లోపలి రాతికోటను చుట్టుముట్టినప్పుడు, కాకతీయ ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకొని ఏనుగులనూ గుర్రాలనూ నగలనూ సమర్పించాడు. లొంగుబాటుకు గుర్తుగా తన బంగారు ప్రతిమను చేయించి, దాని మెడలో బంగారు గొలుసు వేసి పంపాడని ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో రాశాడు. కప్పం ఆగిపోయిన తరువాత 1318లో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ దండెత్తి వచ్చినప్పుడు ప్రతాపరుద్రుడు మరోసారి తలవంచి రాజ్యాన్ని నిలుపుకొన్నాడు. 1321లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ నడిపిన ముట్టడిని మాత్రం కోట తట్టుకొని నిలిచింది, కాని 1323లో అదే ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చి కోటను పట్టుకోగా, బందీగా ఢిల్లీకి తీసుకుపోతున్న దారిలో నర్మదా తీరాన ప్రతాపరుద్రుడు మరణించాడని తరువాతి తెలుగు పాలకుడు ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు వచ్చింది.

ఈ చరిత్రను అర్థశాస్త్రం పన్నెండో అధికరణంతో కలిపి చదివితే కౌటిల్యుడి మాట బరువు తెలుస్తుంది. బలవంతుడి ఎదుట ఎల్లప్పుడూ వేతసంలా వంగి ఉండాలన్నది భారద్వాజుడి మతమనీ, ఉన్న బలమంతా కూడగట్టి పోరాడాలన్నది విశాలాక్షుడి మతమనీ చెప్పి, కౌటిల్యుడు ఆ రెండిటినీ తోసిపుచ్చాడు: ఎప్పుడూ వంగి ఉండేవాడు బతుకు మీద ఆశ వదులుకొని జీవిస్తాడు, కొద్దిపాటి సేనతో పోరాడేవాడు పడవ లేకుండా సముద్రంలో దిగి మునుగుతాడు, కాబట్టి తనకన్నా గొప్ప రాజునో, శత్రువుకు లొంగని దుర్గాన్నో ఆశ్రయించాలన్నాడు. ప్రతాపరుద్రుడికి దుర్గం ఉంది, ఆశ్రయమిచ్చే గొప్ప రాజు లేడు. వేతసం గెలిచేది వచ్చి తీసిపోయే వరద మీద మాత్రమే. ఢిల్లీ నుంచి వచ్చినది తీసిపోయే వరద కాదు. అయినా మొదటి సంధి రాజ్యానికి మరో 13 ఏళ్ల ఆయువు పోసిందనేది కాదనలేని విషయం, ప్రతాపరుద్రుడిని పిరికివాడిగా చూసేవారు దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

నిరవంజి వేరొక దారిన వచ్చిన పేరు. బబులోను నదుల ఒడ్డున ప్రవాసులైన యూదులు తమ వాద్యాలను చెట్లకు తగిలించారని చెప్పే 137వ కీర్తనలో తెలుగు బైబిలు ఆ చెట్లను నిరవంజి అంది. నీటి వంజి అన్న అర్థం ఆ మాటలో వినబడుతుంది, వంజులంతోనూ తమిళ వంజితోనూ దాని పోలిక స్పష్టం. తమిళ అనువాదకులు అక్కడ అలరి, అంటే గన్నేరు, అని రాయడం కొండగన్నేరును గుర్తుకు తెస్తుంది. పరాయి చెట్టుకు పేరు వెతుక్కోవలసి వచ్చిన రెండు పొరుగు భాషలవారూ తమ ఏటి ఒడ్డులకే వెళ్లారన్నమాట. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 18వ శతాబ్దంలో ఇదే కీర్తనను మనసులో ఉంచుకొని, కొమ్మలు నేలకు వేలాడే విల్లోకు బబులోను పేరు మీద సాలిక్స్ బాబిలోనికా అని పేరు పెట్టాడు. ఆ చెట్టు స్వస్థలం చైనా. కీర్తనలోని చెట్లు బహుశా యూఫ్రటీస్ తీరపు పోప్లార్‌లు, అవి కూడా విల్లో కుటుంబానివే గాని వేరే ప్రజాతికి చెందినవి. పొరపాటు తెలిసినా నియమం ప్రకారం మొదట ప్రకటించిన శాస్త్రీయ నామాన్ని మార్చరు కనుక ఆ పేరు నేటికీ చెల్లుతోంది.

నిజాం పాలనలో వరంగల్ కచేరీలలోనూ పాఠశాలల్లోనూ ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో బేద్ అనే మాట ఈ ప్రాంతానికి పరిచయమైనదే. పారశీకంలో విల్లో మాత్రమే అయిన బేద్ ఉర్దూలో విల్లో, పేము రెండూ అయింది, అంటే సంస్కృత వేతసం పడిన తికమకే కొన్ని వందల ఏళ్ల తరువాత మళ్లీ జరిగింది. వేలాడే కొమ్మల విల్లోను బేదె మజ్నూన్ అంటారు, లైలా కోసం ఒళ్లు మరచిన ప్రేమికుడు జుట్టు విరబోసుకొని తల వంచినట్లున్న చెట్టు అని భావం; గజగజ వణికేవాణ్ణి బేద్‌లా వణికాడంటారు. సుగంధం గల ఒక విల్లో జాతి పూలను బట్టీ పట్టి తీసిన బేద్‌ముష్క్ అరఖును యునానీ వైద్యులు గుండెకు చలువ చేసే మందుగా వాడతారు. 

వైద్యంలో సాలిక్స్ అనే పేరు వేసిన ముద్ర మాత్రం మరెక్కడా లేనంత లోతైనది. విల్లో బెరడు జ్వరాన్ని తగ్గిస్తుందని ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు 1763లో రాయల్ సొసైటీకి నివేదించాడు. 1828లో జర్మనీలో యోహాన్ బుఖ్నర్ ఆ బెరడు నుంచి చేదు స్ఫటికాలను వేరుచేసి, సాలిక్స్ పేరు మీదనే సాలిసిన్ అన్నాడు. పదేళ్లకు ఇటలీ శాస్త్రజ్ఞుడు రఫాయెలె పిరియా దాని నుంచి సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. ఆ ఆమ్లం నొప్పినీ జ్వరాన్నీ తగ్గించినా కడుపును మండించేది గనుక, దానికి అసిటైల్ అనే రసాయన భాగాన్ని చేర్చి సౌమ్యం చేసిన పదార్థాన్ని బేయర్ సంస్థలో 1897లో శుద్ధరూపంలో తయారుచేసి, 1899లో ఆస్పిరిన్ పేరుతో అమ్మకానికి తెచ్చారు. ఆస్పిరిన్ అనే పేరు స్పిరియా అనే మరో మొక్క నుంచి వచ్చింది, దానిలోనూ ఇదే ఆమ్లం ఉంటుంది. అందువల్ల మాత్ర పేరులో విల్లో లేకుండాపోయింది, ఆనెకాయలకూ మొటిమలకూ రాసే సాలిసిలిక్ లేపనాల పేరులో మాత్రం మిగిలింది. గుండెపోటు వచ్చినవారికి రక్తం గడ్డకట్టకుండా చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఇస్తున్నారంటే దాని వెనుక ఉన్నది ఒడ్డు చెట్టు బెరడును పరిశీలించిన ఈ పరంపరే. ఆ చెట్లు సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారుచేసుకునేది మనుషుల కోసం కాదు. తెగుళ్లు సోకినప్పుడు రక్షణ వ్యవస్థను మేల్కొలిపే సంకేతంగా మొక్కలు దానిని వాడుకుంటాయి.

క్రికెట్ బ్యాటుకు వాడేది ఇంగ్లండుకు చెందిన తెల్ల విల్లోలోని ప్రత్యేక రకం. కశ్మీరులో అనంతనాగ్, పుల్వామా ప్రాంతాల్లో పెరిగే విల్లోతో తయారయ్యే బ్యాట్లు ధర తక్కువ కావడం వల్ల భారతదేశంలో ఎక్కువమంది వాటితోనే ఆడతారు. క్రికెట్ నియమావళి బ్యాటు పలక చెక్కతో ఉండాలని మాత్రమే చెబుతుంది, విల్లో అని చెప్పదు. తేలికగా ఉండి, బంతి దెబ్బకు చీలిపోకుండా నొక్కుకుపోయి తట్టుకునే పీచుదనం వల్లనే ఆ కలప పోటీ లేకుండా నిలిచింది. నదీప్రవాహంలో వేతసాన్ని కాపాడినదని భీష్ముడు చెప్పిన గుణానికి ఇది ఎంతో దూరమైనది కాదు.

ఇన్ని భాషల పేర్లకు చోటిచ్చిన తెలుగు, తన ఏటిపాలకు ఇవ్వవలసిన చోటు ఇంకా ఇవ్వలేదు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు కూర్చేవారు విల్లో ఎదుట ఒక రకం చెట్టు అని రాసి ఊరుకోకుండా ఏటిపాల అని రాయాలి, వేతసం ఎదుట పేముతో పాటు దీనినీ చేర్చాలి. అనువాదకులు కథలో విల్లో వచ్చిన ప్రతిసారీ ఇంగ్లీషు మాటనే దించడం మానుకోవాలి. కాకతీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల వృక్షశాస్త్రం బోధించేవారు లాటిన్ పేరు పక్కన తెలుగు పేరును కూడా పలక మీద రాయించాలి. చెరువు కట్టలకూ వాగు గట్లకూ మొక్కలు ఎంపిక చేసే అటవీశాఖవారు, మట్టిని వేళ్లతో పట్టి ఉంచే ఈ దేశవాళీ చెట్టును తమ జాబితాలో చేర్చుకోవాలి. దానికి విత్తనాలు సేకరించే పని కూడా లేదు, బతికున్న చెట్టు నుంచి కోసిన కొమ్మలు చాలు.